పసుపు పుస్తకం గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ అంతర్జాతీయ టీకా పుస్తకం గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మా క్షేమం మీద తమకున్నంత పట్టింపు మాకు లేదనుకోండి, అది వేరే సంగతి.

మా బావమరిదికి ఉగాండాలో ఉద్యోగం వచ్చింది. మా అత్త అప్పుడే గోంగూర, చింతకాయ తొక్కు, ఊరమిరపకాయలు మూటలు కట్టేసింది. వర్జ్యం, రాహుకాలం తప్పించి టికెట్టు కొనిపించింది. తీరా తమరు చేతిలో లేందే ఆ దేశంలో దిగడానికి లేదని అడ్డం నిలబడ్డారు. ఎల్లో ఫీవర్ సూది వేసుకున్నాక పది రోజులు గడిస్తే గానీ చెల్లరట! మా అయ్యవారైనా బతిమాలితే ముహూర్తం కాస్త అటూ ఇటూ జరుపుతాడు. తమరు జరపరు. చివరికి టికెట్టే జరిగింది, డబ్బులు కోసుకుని మరీ.

ఈ సూది ఏ మెడికల్ షాపులోనో వేయించుకునేది కాదు, ప్రభుత్వం గుర్తించిన చోటే వేయాలి, ముద్ర పడాలి. చెన్నైకి పోయాం. అది పెరటాసి, వెంకన్న పేరు మీద నీసు మానేసే తమిళ నెల. మందును కోడిగుడ్లలో పెంచుతారు కాబట్టి డాక్టరమ్మ అడిగింది, "గుడ్డు పడదా?" అని.

"తినను మేడమ్, పెరటాసి గదా," అన్నాడు మావాడు.

చెన్నై మనిషి గాబట్టి ఆమెకు వెంటనే అర్థమైంది. "నెల సంగతి సరేనయ్యా, తింటే దద్దుర్లొస్తాయా, రావా?"

మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లూ నవ్వుతా ఎక్కినోడు, అర మిల్లీలీటరు మందు చూసి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే మా అత్త తమరిని పాస్‌పోర్టుతో పాటు వెంకన్న పటం ముందు పెట్టి, డాక్టరమ్మ సంతకం మీదే బొట్టు పెట్టబోయింది. నేనే చెయ్యి పట్టుకున్నా. దిద్దినా, చెరిపినా, ఒక గడి ఖాళీగా వదిలినా చెల్లకపోవచ్చని తమ ఒంటి మీదే అచ్చేసుకున్నారు గదా! "కుంకుమ తగిలితే చెడిపోయేది ఏం పుస్తకం సామీ?" అని ఆమె ఇంకా అలకలోనే ఉంది.

తమ పట్టుదలకు కారణం లేకపోలేదు. ఆ జ్వరం మన దేశంలో లేదు. దాన్ని మోయగల దోమ మాత్రం, అదే డెంగీ దోమ, మా మిద్దె మీది పూలకుండీల్లో హాయిగా కాపురం ఉంది. అందుకే ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి తమరు లేకుండా దిగినోణ్ణి ఆరు రోజుల దాకా వేరుగా కూర్చోబెడతారు. కుండీలో నీళ్ళు ఒంపమంటే మాత్రం మా వీధిలో ఒక్కరూ కదలరు.

2016 జూలై నుంచి తమరు జీవితాంతం చెల్లుతున్నారు, అంతకు ముందు పదేళ్ళే. సంతోషం. మలేరియా మాత్రం తమ శాఖ కాదట. దానికి డాక్టరు రాసిచ్చిన మాత్రలు పోకముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు మింగాలి. విమానం దిగాక మావాడు ఆ డబ్బా తెరుస్తాడని నాకు నమ్మకం లేదు.

ఇంకో మాట. మా పక్కింటాయన కొడుకు వచ్చే వారం కెన్యా పోతున్నాడు. సూది వద్దు, ముద్ర ఒక్కటే ఎవరైనా వేసిస్తారా అని ఆయన పొద్దుటి నుంచి మా గుమ్మం వదల్లేదు. ఏం చెప్పమంటారో తిరుగు టపాలో తెలుపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు