మొసలికి నీళ్లే చాలవు

మొసలి స్థానబలం నీళ్లలోనే అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అది సగం నిజమే. గుడ్డు పెట్టాలంటే మొసలి గట్టెక్కాల్సిందే.

మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య గోదావరి వెంట ఉన్న శివ్వారం అభయారణ్యం మొసళ్ల కోసమే పెట్టింది. ఎండాకాలం నది పాయలుగా చీలి సన్నబడినా ఎల్‌మడుగు అనే లోతైన మడుగులో నీళ్లుంటాయి. అందుకే మొసళ్లు ఇక్కడ స్థిరపడ్డాయి. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం మొదలయ్యాక ఈ తీరం సుందిళ్ల, అన్నారం బ్యారేజీల నీడలోకి వచ్చింది. మిగతా కథ తెలిసిందే. 2023 అక్టోబరులో అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి, ఆ తర్వాత బుంగలు, బిల్లులు, విచారణ కమిషను. ఇంత రచ్చలో ఒడ్డు ఊసు మాత్రం నాకెక్కడా వినిపించలేదు.

రిజర్వాయరు నిండుగా ఉంటే మొసలికి మేలే కదా, చేపలు పెరుగుతాయి కదా అంటారు. మొసలి చెరువుల్లోనూ బతుకుతుంది, కాదనను. కానీ బతకడం వేరు, పిల్లల్ని కనడం వేరు.

మన మంచినీటి మొసలి చలి తగ్గాక, ఎండలు ముదరకముందే ఒడ్డెక్కి వెనక కాళ్లతో ఇసుకలో గుంత తవ్వుతుంది. పాతిక, ముప్ఫై గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. పొదగడం ఇసుక వంతు. పుట్టేది ఆడా మగా అన్నది కూడా ఆ గూటి వేడే తేలుస్తుంది. సుమారు రెండు నెలలకు లోపలి నుంచి పిల్లల కూత వినిపిస్తే తల్లి వచ్చి ఇసుక తవ్వి, ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని నీళ్లలో దింపుతుంది. ఈ రెండు నెలల్లో నీటిమట్టం పెరిగి గుంతలోకి నీరు చేరితే గుడ్లు ఊపిరాడక చస్తాయి. తీతువు పిట్ట సంగతీ అంతే, అది గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. ఒడ్డున పెరిగే తెల్లమద్ది వరదకు తట్టుకుంటుంది. వచ్చి పోయే వరద అయితేనే. తిష్ఠవేసిన నీళ్లలో దాని వేరూ కుళ్లుతుంది.

అసలు జబ్బు మన లెక్కల్లో ఉంది. నదిని టీఎంసీల్లో కొలుస్తాం, ఇసుకను లారీల్లో, అడవిని మొక్కల్లో. ఇక్కడ మునిగిన చెట్టుకు ఇంకెక్కడో మొక్క నాటి చెల్లు అంటాం. ఏటా వరద కొత్తగా పరిచిపోయే ఇసుక మేటకు ఏ పద్దులో చోటుంది? అది ఉచితంగా దొరికే సరుకు, వేలంపాటలో పోయేదాకా దానికి విలువ లేదు. ప్రభుత్వం మారినా పద్దు పుస్తకం మారలేదు, ఆనాటి పాలకులకూ ఈనాటి పాలకులకూ నది అంటే గేట్ల వెనక నిలబెట్టిన నీరే.

మరమ్మతు చేసి బ్యారేజీలు మళ్లీ నింపుతామంటే నింపండి. అంతకుముందు అటవీశాఖ మనుషుల్ని ఒడ్డు వెంట నడిపించి గూళ్లెక్కడున్నాయో గుర్తు పెట్టించండి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఏ మట్టం దాటి నీళ్లు నిలపకూడదో గేట్ల షెడ్యూల్లోనే రాయించండి. సిమెంటు అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ తట్టలేదు.