అమెచ్యూరిజం గారూ, ఇక మా సోఫా ఖాళీ చెయ్యండి

అమెచ్యూరిజం గారికి,
చివరిగా తెలిసిన చిరునామా: ఎన్‌సీఏఏ ప్రధాన కార్యాలయం, ఇండియానాపొలిస్.

అయ్యా,

మీరు పోయారని ఇప్పటికి మూడుసార్లు విన్నాను. 2021 జూన్‌లో, ఆటగాళ్ళకిచ్చే చదువు సాయం మీద పరిమితులు చెల్లవంటూ ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9–0తో, కాలేజీ క్రీడల్ని ఏలే ఎన్‌సీఏఏని ఓడించినప్పుడు మొదటిసారి. పట్టుమని పదిహేను రోజులైనా కాకముందే, జూలై 1న, కాలేజీ ఆటగాళ్ళు తమ పేరునీ ముఖాన్నీ అమ్ముకోవచ్చని మీవాళ్ళే ఒప్పుకున్నప్పుడు రెండోసారి. ఇక 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్, హౌస్ అనే ఈతగాడు వేసిన కేసు ఒప్పందానికి ఆమోదం తెలిపి, ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకి నేరుగా పంచవచ్చని తేల్చాక, మీకు పెద్దకర్మ కూడా చేసేశారు. నేను మాత్రం నమ్మలేదు. ఎలా నమ్మను? మీరు మా ఇంట్లోనే ఉన్నారు. సోఫాలో, రిమోట్ పక్కన.

ఆట మీద ప్రేమతో ఆడాలి, డబ్బు ముట్టుకోకూడదు అన్నది కదా మీ మతం. ఆటగాడు ఆ మతం వదిలేశాడు. కోచ్ ఏనాడూ పుచ్చుకోలేదు. యూనివర్సిటీలు ఆదివారం ఉపన్యాసాలకి మాత్రం వాడుకున్నాయి. ఇప్పుడు అమెరికా క్రీడల్లో జీతం లేకుండా, పైగా ఎదురు డబ్బిచ్చి, కేవలం ప్రేమతో ఏడాది పొడుగునా పనిచేస్తున్నవాడు అభిమాని ఒక్కడే. అంటే మీరు చావలేదు, ఇల్లు మారారు అంతే. అద్దె కూడా నేనే కడుతున్నాను.

మీ పూర్వకథ కొంచెం తిరగేశాను. అమెరికాలో మొట్టమొదటి కాలేజీ పోటీ 1852లో, న్యూహాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సు మీద హార్వర్డ్‌కీ యేల్‌కీ మధ్య జరిగిన పడవ పందెం. దాని ఖర్చు పెట్టుకున్నది ఒక రైల్వే కంపెనీ. జనం రైలెక్కి వస్తారని ఆశ. మీరు పుట్టిన పురిటిగదికే స్పాన్సర్ ఉన్నాడన్నమాట. ఆ సంగతి ఎక్కడా చెప్పుకోరేం?

పుట్టింది అలాగైనా, పెరిగాక మీ మడీ ఆచారం చూసి తీరాల్సిందే. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో జిమ్ థోర్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు ఏదో చిన్న లీగులో కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని తెలిసి ఆ బంగారు పతకాలు లాగేసుకున్నారు. పూర్తిగా ఆయన ఒక్కడే విజేత అని మళ్ళీ ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. ఆయన పోయి అప్పటికి దాదాపు డెబ్భై ఏళ్ళు. మీరు క్షమించరని కాదు, కాస్త తీరిగ్గా క్షమిస్తారు.

ఇంకోటి ఉంది. అది తల్చుకున్నప్పుడు మాత్రం నవ్వు రాదు. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య పరిహారం అడిగింది. కాలేజీకి ఫుట్‌బాల్ వ్యాపారం కాదు కాబట్టి అతను ఉద్యోగి కాడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. ప్రేమ కోసం ఆడినవాడు ప్రేమ కోసమే పోయాడు, కేసు మూసేశారు. సంతాపం మటుకు ఎవరైనా చెప్పే ఉంటారు లెండి.

ఆ తరవాత మీరు పెద్ద నేరాల మీద పడ్డారు. బేగల్. ఆటగాడికి చిరుతిండిగా బేగల్ అనే చక్రాల రొట్టె ఇవ్వచ్చు, పళ్ళివ్వచ్చు, గింజలివ్వచ్చు. ఆ బేగల్ మీద క్రీమ్ చీజ్ రాస్తే మాత్రం నిబంధన ఉల్లంఘన. ఇది నేను కల్పించింది కాదు; ఎన్‌సీఏఏ ఒకప్పుడు పాటించిన రూలు. 2014 ఏప్రిల్‌లో కనెక్టికట్ జట్టుని బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌ని చేసిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటానని విలేఖరుల ముందే చెప్పాడు. కొద్దిరోజుల్లోనే ఆటగాళ్ళకి కడుపునిండా తిండి పెట్టుకోవచ్చని తీర్మానం వచ్చింది. ఆకలి అంతకుముందు లేదు కాబోలు, కెమెరా ముందుకొచ్చాకే పుట్టింది.

క్రీమ్ చీజ్‌ని అంత దూరం నుంచి పసిగట్టిన మీ కంటికి కోచ్ చెక్కు ఏనాడూ ఆనలేదు. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ, తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని ఇంటికి పంపింది. రేపట్నించి పని చెయ్యనక్కర్లేదు అని చెప్పడానికి ఇవ్వాల్సొచ్చిన సొమ్ము సుమారు 7.6 కోట్ల డాలర్లు. 2025 అక్టోబరులో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బ్రయన్ కెల్లీని తీసేసింది. అక్కడ లెక్క సుమారు 5.4 కోట్లు. ఈ కెల్లీ 2021లో నోటర్‌డామ్‌కి ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం ఆడే ఆఖరి పోటీలు) ఆశ ఇంకా చావకముందే జట్టుని వదిలి ఎల్‌ఎస్‌యూకి పోయినవాడు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి ఎవరొచ్చారు? లేన్ కిఫిన్. ఆయన జట్టు ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) 11 గెలుపులు, ఒక్క ఓటమితో ప్లేఆఫ్ గుమ్మంలో నిలబడి ఉంటే, 2025 నవంబరు 30న జట్టుని అక్కడే వదిలి వచ్చాడు. ఎల్‌ఎస్‌యూ వాళ్ళకి అటువంటి మనిషి మీదే మమకారం. కుర్చీ కూడా అలవాటు పడిపోయి ఉంటుంది.

కోచ్ చేస్తే అది ‘కెరీర్’. ఇరవయ్యేళ్ళ కుర్రాడు చేస్తే ‘విధేయత నశించిపోయింది’. 2018 అక్టోబరులో, కాలేజీ మారదలుచుకున్న ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచినప్పటినుంచీ ఈ శోకాలు వింటున్నాను. ఆ శోకాలు పెట్టేవాళ్ళలో స్టాన్‌ఫర్డ్‌నీ, కాల్‌నీ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల కూటమిలో కూర్చోబెట్టిన పెద్దలు కూడా ఉన్నారు. ఆ రెండు కాలేజీలకీ దగ్గరున్న సముద్రం పసిఫిక్. పసిఫిక్ పేరున్న కాన్ఫరెన్సేమో 2024లో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండింటితో మిగిలింది. పేరులో పది ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో పద్దెనిమిది జట్లున్నాయి. ఆటగాళ్ళు కుదురుగా ఉండటం లేదని వీళ్ళ బెంగ!

నాకు పోర్టల్ మీద కోపం లేదని ఇక్కడే చెప్పేస్తాను. ఓడిపోవడంలో చరిత్రకెక్కిన ఇండియానా యూనివర్సిటీకి, కాల్ నుంచి పోర్టల్ ద్వారా వచ్చిన ఫెర్నాండో మెండోజా, ఆ ఏటి మేటి కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే 2025 హైస్మన్ ట్రోఫీ గెలిచిపెట్టాడు. 2026 జనవరిలో మయామీని ఓడించి జాతీయ టైటిల్ కూడా తెచ్చాడు. డబ్బొస్తే పెద్ద జట్లే ఎప్పటికీ గెలుస్తాయని మీ భక్తులు భయపెడుతూ వచ్చారు. జరిగింది ఇదీ. అదీ మీ ఆఫీసున్న రాష్ట్రంలోనే. అడిగి వస్తే మీకు టికెట్ కూడా ఇచ్చేవాళ్ళేమో.

ఆటగాడికి డబ్బిస్తే నాకేం బాధ లేదు. ఎప్పుడో ఇవ్వాల్సింది. నా బాధ బిల్లు ఎక్కడికొస్తోందన్న దాని గురించి. 2024 సెప్టెంబరులో టెన్నెసీ యూనివర్సిటీ, తరవాతి ఏడాది సీజన్ టికెట్ల మీద పది శాతం ‘టాలెంట్ ఫీ’ వేసింది. ఆటగాళ్ళకి పంచాలి కదా, అభిమానులూ మీరే ఆదుకోవాలి అన్నారు. టీవీ ఒప్పందాల డబ్బుందా, ఉంది. దాతలున్నారా, ఉన్నారు. అయినా చెయ్యి చాచింది స్టేడియంలో పైవరుస వాళ్ళ దగ్గరికి. సరే, పాపం కట్టారు. 2025 ఏప్రిల్‌లో ఆ జట్టు ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ నీకో ఇయామలీయావా, జీతం దగ్గర తేడా వచ్చి, వెళ్ళిపోయి యూసీఎల్‌ఏలో చేరాడు. టాలెంట్ వెళ్ళిపోయింది, ఫీ ఉండిపోయింది. రిఫండ్ అడిగితే ఏం చెబుతారో తెలుసు: ఇది ప్రేమ వ్యవహారం, లెక్కలు చూడకూడదు.

మీరు ఇదంతా కాలేజీ గొడవనుకోకండి. ప్రొఫెషనల్ జట్ల దగ్గర మీకు ఇంకా మంచి మర్యాద దొరుకుతోంది. ఓక్లండ్‌లో అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు యజమాని, ఊళ్ళో ఎవరూ మ్యాచ్‌కి రావడం లేదంటూ జట్టుని లాస్ వెగాస్‌కి తరలిస్తానన్నాడు. 2023 జూన్ 13న అక్కడి అభిమానులు తిరగబడ్డారు. ఎలా? ‘రివర్స్ బాయ్‌కాట్’ పెట్టి, 27 వేలమందికి పైగా టికెట్లు కొనుక్కుని స్టేడియం నింపి, జట్టు అమ్మేసి పొమ్మని అరిచారు. ప్రపంచంలో ఎక్కడైనా నిరసన తెలిపేవాడు అవతలివాడి గల్లాపెట్టె ఖాళీ చేస్తాడు, అభిమాని నింపుతాడు. (ఆ రోజు ఆదాయం దానం చేస్తామని యాజమాన్యం ప్రకటించింది. దానం చెయ్యడానికి వాళ్ళకి చేతినిండా సొమ్మిచ్చింది ఎవరన్నది అడక్కండి.) 2024 సీజన్ అయ్యాక జట్టు వెళ్ళనే వెళ్ళింది, వెగాస్ చేరేదాకా వెస్ట్ శాక్రమెంటోలో ఒక చిన్న లీగు మైదానంలో, పేరు ముందు ఏ ఊరూ లేకుండా ఆడుతోంది. పేరులోంచి ఊరు తీసేస్తే ఊరివాళ్ళ బాధ తగ్గుతుందని ఎవరో సలహా ఇచ్చి ఉంటారు.

డాలస్‌లో ఇంకో తమాషా. 2024లో అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుని ఎన్‌బీఏ లీగు ఫైనల్ దాకా మోసుకెళ్ళిన లూకా డాన్సిచ్‌ని, 2025 ఫిబ్రవరి మొదట్లో, జనం నిద్రపోయే వేళ లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకి ఇచ్చేశారు. అభిమానులు అరీనా బయటికి శవపేటిక తెచ్చి పెట్టారు. మే నెల వచ్చేసరికి అదే జట్టుకి 1.8 శాతం అవకాశంతో, కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎవరు ఎంచుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ లాటరీ తగిలి, అందరూ కోరుకున్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్ దొరికాడు. అభిమాని ఏడవాలా నవ్వాలా అన్నది కూడా లీగే చెబుతోంది, షెడ్యూలు ప్రకారం.

గ్రీన్ బే వాళ్ళయితే మీ పరమభక్తులు. అక్కడి ప్యాకర్స్ ఫుట్‌బాల్ జట్టులో అమ్మకం పెట్టినప్పుడు వాటా కొనుక్కోవచ్చు. 2021లో మొదలైన అమ్మకంలో ఒక్కో షేరు 300 డాలర్లు. డివిడెండ్ రాదు, బజారులో అమ్ముకోవడానికి లేదు, విలువ పెరగదు, టికెట్ కూడా రాదు. ఒక కాగితం వస్తుంది. దానికి ఫ్రేము కట్టించుకునే ఖర్చు వేరే. నిజానికి పెద్ద లీగుల్లో ఊరిదే జట్టైన చోటు అదొక్కటే, అందుకే వాళ్ళని ఇంతకుమించి ఏమీ అనలేను.

బేస్‌బాల్ తార ఒటానీ సంగతి విని మీరు పొంగిపోయి ఉంటారు. పదేళ్ళకి 70 కోట్ల డాలర్ల ఒప్పందంలో 68 కోట్లు తరవాత తీసుకుంటానన్నాడు, ఏడాదికి 20 లక్షలతో ఆడుతున్నాడు. ఆశపడకండి. అది త్యాగం కాదు, వాయిదా.

జూదం గురించి ఒక్క మాట. న్యూజెర్సీలో బెట్టింగ్ రాకుండా ఆపాలని ఎన్‌సీఏఏ, పెద్ద లీగులన్నీ కలిసి కోర్టులో పోరాడి, 2018 మే నెలలో ఓడిపోయాయి. ఆట పవిత్రత ఏమైపోతుందని అప్పుడు కంటతడి. ఇప్పుడు ఆ లీగులకే బెట్టింగ్ కంపెనీలు అధికారిక భాగస్వాములు. 2024లో జాంటే పోర్టర్ అనే ఎన్‌బీఏ ఆటగాడిని పందేల వ్యవహారంలో జీవితాంతం నిషేధించారు. నిషేధం సబబే. ఆ వార్త చెప్పిన కార్యక్రమాన్ని సమర్పించినవారెవరో మాత్రం చూసుకోండి.

ఇక అసలు విషయం. ఆటగాడికి ఇప్పుడు పేరు, రూపం, పోలిక మీద హక్కులున్నాయి (ఇంగ్లీషులో పొట్టిగా ఎన్‌ఐఎల్). ఒకప్పటి కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ వీడియో గేములో తన బొమ్మ చూసుకుని కేసు వేసిన పుణ్యం అదంతా. మరి నా ముఖం? మా జట్టు ఆఖరి సెకనులో ఫీల్డ్ గోల్ తప్పిపోగానే కెమెరా ఎటు తిరుగుతుంది? తన్నినవాడి వైపు రెండు క్షణాలు, గ్యాలరీ వైపు పది. నోరు తెరిచినవాడు, తల పట్టుకున్నవాడు, ముఖానికి పూసుకున్న రంగు కన్నీళ్ళకి కారిపోతున్నవాడు. ఆ దృశ్యం వారం పొడుగునా తిప్పితిప్పి వేస్తారు, ప్రకటనల మధ్య. గెలిస్తే మైదానంలోకి దూకిన వేలమందే ఆ రాత్రి అసలు ప్రదర్శన. తెల్లారి కాన్ఫరెన్స్ యూనివర్సిటీకి జరిమానా వేస్తుంది, తరవాతి ఏడాది అదే దృశ్యం ప్రోమోలో పెడుతుంది. మన ముఖం వాడుకునే హక్కు వాళ్ళకి రాసిచ్చేశామని టికెట్ నిబంధనల్లో ఎక్కడో చీమకాళ్ళ అక్షరాల్లో ఉంటుంది. ఖాళీ స్టేడియంలో ఆట ఎలా ఉంటుందో 2020లో అందరం చూశాం. అట్ట బొమ్మలు నిలబెట్టి, రికార్డు చేసిన కేకలు వేశారు. ఆ కేకలు ఎవరివి? మావే. వాటికీ ఏమీ రాలేదు.

అందుకని కొన్ని కోరికలు. మీ మతం నాకొద్దు, మిగతావాళ్ళకిచ్చినట్టే నాకూ విముక్తి ఇప్పించండి. ఏటా జనవరిలో అభిమానులకీ ఒక ట్రాన్స్‌ఫర్ కిటికీ తెరవాలి. పాత జట్టు కండువాతో కనబడినా ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. జట్టు ఊరొదిలి పోతే కోచ్‌లకి మల్లే నాకూ బయౌట్ (మధ్యలో వదిలించుకున్నందుకు ఇచ్చే సొమ్ము) కావాలి, కోట్లు వద్దు, కొన్న జెర్సీల ఖరీదు చాలు. ఏడుపుకి క్లోజప్ తీస్తే సెకనుకింత అని రేటు కట్టాలి.

ఇవేవీ కుదరవంటే ఒక్క దారుంది. ఆటగాళ్ళు బయటివాళ్ళతో చేసుకునే ప్రతి ఒప్పందమూ, 600 డాలర్లో అంతకుమించో అయితే, ‘ఎన్‌ఐఎల్ గో’ అనే పరిశీలనకి వెళ్తోంది కదా. అందులో సరైన వ్యాపార ప్రయోజనం ఉందా, ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ పొంతన ఉందా అని చూస్తున్నారట. నేను నా జట్టుతో చేసుకున్న ఒప్పందం 600 ఎప్పుడో దాటింది. సీజన్ టికెట్, పార్కింగ్, మూడు స్ట్రీమింగ్ చందాలు, టాలెంట్ ఫీ అన్నీ జత చేసి కాగితాలు పంపిస్తున్నాను. పుచ్చుకున్నది అన్న గడి ఖాళీగా ఉంచాను. దయచేసి ఇందులో ఏ వ్యాపార ప్రయోజనమూ లేదని తేల్చి, రద్దు చేయించండి. అలా తిరస్కరిస్తే మధ్యవర్తి దగ్గర సవాలు చేసే హక్కు ఆటగాళ్ళకి ఉంది. నాకూ ఆ హక్కు వర్తిస్తే, ముందుగానే వదులుకుంటున్నాను.

ఇట్లు,
మీ ఇంటాయన