మునిగితే మర్ఫీలకు కబురు

డబ్లిన్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు సంక్రాంతికి వస్తూ నాకో ఆరన్ స్వెట్టరు తెచ్చాడు. మీగడ రంగు, గొర్రెంత బరువు. "మన ఇంటిపేరుకు అల్లిక లేదన్నారు మామయ్యా, మర్ఫీలది తెచ్చాను" అన్నాడు. దానికి వేలాడే అట్ట ప్రకారం, ఐర్లండ్ పడమటి తీరాన ఆరన్ దీవుల్లో వంశానికో అల్లిక ఉండేదట. మునిగిన జాలరి శవం ఏ స్థితిలో కొట్టుకొచ్చినా స్వెట్టరు చూసి ఎవరింటివాడో చెప్పేవారట.

ఆ తల్లుల ముందుచూపే ముందుచూపు! కొడుకు చలికి కాదు, పంచనామాకు అల్లారన్నమాట. ఒడ్డున పెద్దలు శవం చుట్టూ చేరతారు. "తాడు అల్లిక, పక్కన తేనెపట్టు. ఫలానావారే." "తొందరపడకండి, మోచేతి దగ్గర వజ్రముంది, అది అమ్మమ్మగారి వైపు." "మెడపట్టీ మాటేమిటి?" "అరువు తెచ్చుకుని ఉంటాడు." ఎవడో అమాయకుడు "ముఖం చూడండి, మన పక్కింటివాడే కదా" అంటాడు. నోరు మూయిస్తారు. శాస్త్రం నడుస్తుంటే ముఖాలతో పనేమిటి? రేపు నేను గోదావరిలో మునిగితే మర్ఫీలకే కబురు వెళుతుంది.

ఈ కథకు మూలం 1904లో డబ్లిన్‌లో ఆడిన ఐరిష్ నాటకకర్త జాన్ సింగ్ నాటకం 'రైడర్స్ టు ది సీ'. అందులో మునిగినవాణ్ణి తోబుట్టువు నోరా గుర్తుపట్టేది మేజోడుతో. అరవై కుట్లు ఎత్తి నాలుగు జారవిడిచానని ఆమెకు గుర్తు. స్వెట్టరూ లేదు, వంశమూ లేదు. ఈ ఉబ్బెత్తు అల్లికలు పుట్టిందే 20వ శతాబ్దం మొదట్లో. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఊలు వ్యాపారి హైన్జ్ కీవేకు ఇవి వెయ్యేళ్లు దాటిన సువార్తల చేతిరాత గ్రంథం 'బుక్ ఆఫ్ కెల్స్' బొమ్మల్లోనూ కనబడ్డాయి. ఊలు అమ్మేవాడికి ఊలు కాక ఇంకేం కనబడుతుంది?

సరే, నవ్వుకుందాం. కానీ ఆ అట్టమీద, అదే ఐర్లండ్‌లో వాయవ్య మూలనున్న డొనెగాల్‌లో కూలికి అల్లిన ఆడవాళ్లేరీ? మైళ్లు నడిచి వర్తకుడి దగ్గర నూలు తెచ్చుకుని, పీట్ అనే ఎండబెట్టిన చిత్తడినేల మట్టి మంట వెలుగులో మేజోళ్లు అల్లి, మళ్లీ అన్ని మైళ్లూ నడిచి అప్పగిస్తే, డబ్బుకు బదులు టీపొడీ పంచదారా కొలిచి పంపేవారు. నూలు అతనిది, ధర అతనిది, తూకం అతనిది. పాడైన కళ్లు మాత్రం ఆమెవి. ఆ లెక్క రాయడానికి అట్ట చాలలేదా? శవాలకు చోటు దొరికింది కదయ్యా, ఆకలికి దొరకలేదా?

చేతిపట్టీ తిరగేసి, జారిన కుట్టు ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. లేదు. లోపలి చీటీలో చిన్న అక్షరాలతో ఉంది: యంత్రంపై అల్లినది.