ఆ కప్పు హైదరాబాద్‌దే

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే పక్క సీటు అతను అడిగాడు. "హైదరాబాద్ ఫుట్‌బాల్ టీమ్‌ని ఢిల్లీకి మార్చేశారంట కదా అన్నా, నువ్వు మ్యాచ్‌లకి తెగ పోయేవాడివిగా?" అవునన్నాను. "పోనీలే, మనకి ఐపీఎల్ ఉందిగా" అన్నాడు. మంచి మనిషి, ఓదార్చడానికే అన్నాడు. కానీ ఆ "పోనీలే" నాకు గొంతులో ముల్లులా అడ్డం పడింది. అందుకే ఇది రాస్తున్నా. పెద్ద పోస్టే. ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా ఓపిక చేసుకుని చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన నగరం తరఫున ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుట్టింది. 2025 అక్టోబర్‌లో దాన్ని ఢిల్లీకి మార్చి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. "ఆరేళ్ల టీమ్ కోసం ఇంత బాధేంట్రా" అన్నాడు మా అన్నయ్య. ఆ ఆరేళ్లలో ఏం జరిగిందో చెప్తాను, అప్పుడు మీరే అనండి.

మొదటి సీజన్‌లో అట్టడుగున ఉన్నాం. 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. పెద్ద పేరు లేని కుర్రాళ్లని నమ్మి ఆడించాడు. సరిగ్గా ఆ రెండేళ్లూ కరోనా. మ్యాచ్‌లన్నీ గోవాలోనే, అదీ ప్రేక్షకులు లేకుండా. అంటే మన టీమ్ బాగుపడటం మనం కళ్లారా చూడలేదు, అంతా ఫోన్‌లోనే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో. ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు. స్టేడియం నిండా కేరళవాళ్లే. 68వ నిమిషంలో వాళ్లు గోల్ కొట్టారు. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. అప్పుడు అరిచిన అరుపుకి పై పోర్షన్ ఆంటీ కంగారుపడి కిందకి దిగొచ్చారు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఛాంపియన్లం. ఆంటీకి ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియదు, అయినా మాతో పాటు చప్పట్లు కొట్టారు.

తర్వాతి సీజన్‌లో టీమ్ గచ్చిబౌలికి తిరిగొచ్చింది. నేను డ్రమ్ము మోసేవాణ్ణి. తొంభై నిమిషాలూ వాయిస్తే తాడు ఒరుసుకుని భుజం మీద ఎర్రగా గీత పడేది. ఇంటికెళ్లాక అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టేది. మళ్లీ మ్యాచ్ రోజు తనే పసుపు జెర్సీ ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టేది. ఆ ఏడాది లీగ్‌లో రెండో స్థానంలో నిలిచాం.

ఆ తర్వాత డబ్బుల గొడవ. 2023-24లో ఆటగాళ్లకి జీతాలు అందలేదు, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలింది కుర్రాళ్లు. సీజన్ మొత్తంలో గెలిచింది ఒక్కటే మ్యాచ్, చెన్నై మీద చెన్నైలో. స్టాండ్లు ఎంత పలచబడ్డాయంటే, మైదానంలో గోల్‌కీపర్ కేకలు మాకు మాటామాటా వినపడేవి. ఒకరోజు ఓడిపోయాక ఆ పిల్లలు మా స్టాండ్ దగ్గరకొచ్చి చేతులు జోడించారు. ఒకడి మోకాలికి కట్టిన టేపు ఊడిపోయి వేలాడుతోంది. మా తమ్ముడి వయసు ఉంటుంది. జీతం రాని పిల్లాడు మాకు సారీ చెప్తున్నాడు. నేను ఆ రోజు డ్రమ్ము కింద పెట్టలేదు, చేతులు నొప్పెట్టేదాకా వాయించాను. ఇంకేం చెయ్యగలను?

"జనం రాలేదు కాబట్టే పోయింది" అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. జనం రాకముందు ఏం జరిగిందో కూడా చెప్పండి మరి. కప్పు గెలిచిన టీమ్ రెండేళ్లలో ఆ గతికి వచ్చింది స్టాండ్‌లో కూర్చున్నవాళ్ల వల్ల కాదు.

అసలు హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తా? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చినా ఆయన చేతి చలవే. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరామ్ మన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఆడి పైకొచ్చినవాడు. మా తాతయ్య ఫతేమైదాన్‌లో సిటీ పోలీస్ ఆట చూశానని చెప్తే చిన్నప్పుడు నేను నమ్మేవాణ్ణి కాదు, గొప్పలు అనుకునేవాణ్ణి. ఇంత చరిత్ర ఉన్న ఊరికి దశాబ్దాల తర్వాత దేశంలోని పెద్ద లీగ్‌లో ఒక టీమ్ వచ్చింది. అది పోతే "పోనీలే" అని ఎలా అంటాం?

ఐపీఎల్ సంగతి కూడా మాట్లాడుకుందాం. డెక్కన్ ఛార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 2012లో జట్టు రద్దయింది. నెలలు తిరక్కుండానే సన్‌రైజర్స్ వచ్చింది. క్రికెట్‌లో ఒకటి పోతే ఇంకొకటి క్యూలో ఉంటుంది. ఫుట్‌బాల్‌లో పోతే సందు చివర గ్రౌండ్‌లో బూట్లు బిగించుకునే పదమూడేళ్ల పిల్లాడికి "మా ఊరి టీమ్‌లో ఆడతా" అనుకోవడానికి చోటే ఉండదు.

ఇప్పుడు నేను ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ అప్పులతో మూతపడితే, ఆ ఖాళీలోకే హైదరాబాద్ వచ్చింది. పుణెలో ఆడిన ఆటగాళ్లలో కొందరు మన పసుపు జెర్సీ వేసుకున్నారు. ఆ రోజు నేను స్వీట్లు పంచాను. పుణెలో ఆరెంజ్ ఆర్మీ అని అభిమానుల గుంపు ఉండేది. వాళ్లకి ఆ రోజు ఎలా ఉందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్‌ని భువనేశ్వర్‌కి మార్చి ఒడిశా ఎఫ్‌సీ అన్నారు. అంటే ఇవాళ మన టీమ్ దక్కిన ఢిల్లీ కూడా ఆరేళ్ల కిందట ఇదే కడుపుకోత పడింది. అందుకే ఢిల్లీ అభిమానుల మీద నాకు కోపం లేదు. ఒక ఇంట్లో పెళ్లి పందిరి పీకి ఇంకో ఇంటి ముందు వేస్తే, ఆ ఇంటివాళ్లని తిట్టి ఏం లాభం? పీకడానికి వీల్లేకుండా ఒక నియమం ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

"టీమ్ కొన్నవాడి ఇష్టం, నష్టం వస్తే మూసుకుంటాడు, మారుస్తాడు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు కాసేపు ఆగండి. వేరే దేశాల్లో ఇలాంటివి జరిగినప్పుడు జనం ఏం చేశారో చూద్దాం.

అమెరికాలో బాల్టిమోర్. వాళ్ల ఫుట్‌బాల్ వేరే ఆట, చేత్తో పట్టుకుని పరిగెత్తేది, కానీ ఊరికి జట్టు మీద ఉండే ప్రాణం ఒకటే. 1984 మార్చి 28 రాత్రి, మంచు పడుతుండగా లారీలు తెచ్చి కోల్ట్స్ సామానంతా ఎక్కించి ఇండియానాపొలిస్‌కి తీసుకెళ్లిపోయారు. తెల్లారేసరికి టీమ్ లేదు. ఆ టీమ్‌కి ఒక బ్యాండ్ ఉండేది. వాళ్ల యూనిఫాంలు ఆ సమయానికి డ్రై క్లీనింగ్ షాపులో ఉండటంతో లారీ ఎక్కకుండా మిగిలాయి. ఆ బ్యాండ్ అవే వేసుకుని, టీమ్ లేకుండా, ఊరేగింపుల్లో, వేరే ఊళ్ల మ్యాచ్‌ల మధ్యలో పన్నెండేళ్లు వాయించింది. నేను డ్రమ్ము మోసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది.

పన్నెండేళ్లకి బాల్టిమోర్‌కి టీమ్ వచ్చింది. ఎలా? క్లీవ్‌లాండ్ టీమ్‌ని లాక్కుని. బ్రౌన్స్ యజమాని ఆర్ట్ మోడెల్ 1995 నవంబర్ 6న బాల్టిమోర్‌కి వెళ్లిపోతున్నట్టు ప్రకటించాడు. మర్నాడే క్లీవ్‌లాండ్ ప్రజలు పాత స్టేడియం బాగుచెయ్యడానికి పన్ను కడతామని ఓటేశారు. చెంప మీద కొట్టించుకుని కూడా ఓటేశారు. డిసెంబర్‌లో ఆ స్టేడియంలో చివరి మ్యాచ్ గెలిచారు. గెలిచాక జనం తాము ఏళ్లుగా కూర్చున్న కుర్చీలు పీక్కుని ఇంటికి తీసుకెళ్లారు. ఆటగాళ్లు స్టాండ్ల దగ్గరకెళ్లి జనాన్ని కౌగిలించుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. నగరం కోర్టుకెళ్లింది, అభిమానులు లీగ్ ఆఫీసుకి ఫ్యాక్స్‌ల మీద ఫ్యాక్స్‌లు కొట్టారు. 1996 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది: ఆటగాళ్లని తీసుకెళ్లొచ్చు, కానీ బ్రౌన్స్ అనే పేరు, రంగులు, రికార్డులు, చరిత్ర మొత్తం క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. 1999లో అదే పేరుతో, అవే రంగులతో జట్టు మళ్లీ మైదానంలో దిగింది. బాల్టిమోర్‌కి వెళ్లిన టీమ్ రేవెన్స్ అనే కొత్త పేరుతో సున్నా నుంచి మొదలుపెట్టింది.

నేను అడుగుతున్నది ఇదే. ఇంతకన్నా ఎక్కువ కాదు.

లండన్‌లో వింబుల్డన్ ఎఫ్‌సీ కథ ఇంకోలా నడిచింది. ఆ టీమ్‌ని లండన్ బయట మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి మార్చుకోవచ్చని 2002 మేలో ముగ్గురు సభ్యుల కమిషన్ తీర్పిచ్చింది. అభిమానులు ఆ వేసవిలోనే వింబుల్డన్ కామన్ మైదానంలో "ఎవరైనా రండి" అని సెలక్షన్లు పెట్టి, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ మొదలుపెట్టారు. తొమ్మిదో అంచె లీగ్ నుంచి. 2011కల్లా నాలుగో అంచెకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కేశారు. 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియానికి తిరిగొచ్చారు. మధ్యలో 2007లో, 1988లో పాత జట్టు గెలిచిన ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్‌లో పెద్ద కప్పు) గుర్తులు, పాత వింబుల్డన్ చరిత్ర కూడా మిల్టన్ కీన్స్‌వాళ్లు తిరిగి ఇచ్చేశారు. ఇచ్చేదాకా వీళ్లు అడుగుతూనే ఉన్నారు.

డబ్బు పెట్టినవాడి బాధ నాకు అర్థం కాదనుకోకండి. 2025లో లీగ్ హక్కుల ఒప్పందం తేలక సీజన్ జరుగుతుందో లేదో ఎవరికీ తెలియని పరిస్థితి. ఏ యజమానికైనా టెన్షనే. బతకడానికి ఊరు మారతానంటే నేను కాళ్లు పట్టుకుని ఆపలేను. కానీ ఇంట్లోవాళ్లకి చెప్పి వెళ్లడం అనేది ఒకటుంటుంది కదా. సీజన్ టికెట్ కొన్నవాళ్లని, అభిమాన సంఘాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి "ఇదీ పరిస్థితి, ఆర్నెల్లు టైమ్ ఇస్తున్నాం, స్థానికంగా ఎవరైనా ముందుకొస్తే ఇచ్చేస్తాం" అనాలని రూలు ఎందుకు ఉండకూడదు? అమెరికాలో గ్రీన్ బే అని లక్ష చిల్లర జనాభా ఉన్న ఊరి టీమ్‌కి ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నారు, ఆ టీమ్‌ని ఎవరూ కదపలేరు. మనకి అంత వద్దు. ఒక్క కుర్చీ, నిర్ణయం తీసుకునే గదిలో అభిమానికి ఒక్క కుర్చీ చాలు.

లీగ్ వాళ్లకీ, ఫెడరేషన్‌కీ ఒకటే అడుగుతున్నా. 2021-22 కప్పు ఎవరిదో కాగితం మీద రాయండి. రేపు టీవీలో "మాజీ ఛాంపియన్" అని ఢిల్లీ పేరు పక్కన వేస్తే నేను ఒప్పుకోను. ఫతోర్డాలో కట్టిమణి ఆపిన ఆ మూడు పెనాల్టీలు హైదరాబాద్ కోసం. ఆ పేరు, ఆ పసుపు-నలుపు, ఆ రికార్డు ఈ ఊరి పేరు మీదే పక్కన పెట్టండి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మళ్లీ టీమ్ పెడతారు. అప్పుడు వాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టకూడదు.

వాళ్లు రాసేదాకా మనం మన దగ్గరున్నవి దాచుకుందాం. గచ్చిబౌలిలో తీసిన ఫోటోలు, టికెట్లు, బ్యానర్లు, వీడియోలు ఎవరి దగ్గర ఏమున్నా కామెంట్లలో పెట్టండి, తేదీ రాసి. అన్నీ ఒకచోట చేరుస్తాను. నా దగ్గర ఉన్నవి చెప్తున్నా: రెండు జెర్సీలు, ఒకటి చంక దగ్గర చిరిగింది. 2022-23 సీజన్ టికెట్లు తొమ్మిది. ఫైనల్ రోజు గదిలో తీసిన మసక వీడియో, అందులో పై పోర్షన్ ఆంటీ కూడా ఉన్నారు. డ్రమ్ము, అటక మీద ఉంది, తోలు ఇంకా బిగువుగానే ఉంది.