ఉచిత పేడ పథకం

బయోమాస్ (పేడ, కట్టెలు, కూరగాయల చెత్త లాంటి వాటి నుంచి వచ్చే ఇంధనం) గురించి ఎవరు మాట్లాడినా మొదటి ప్రయోజనం ఒకటే: "ఇది ఉచితంగా దొరుకుతుంది". మొన్న మా మేనల్లుడి సైన్స్ ప్రాజెక్టు చార్టులోనూ అదే, స్కెచ్ పెన్నుతో కింద రెండు గీతలు కొట్టి మరీ. పిల్లాడు, వాణ్ణేమంటాం. కానీ మైకు పట్టుకున్న పెద్దలు కూడా ఆ మాటే అంటుంటే నాకు మా ఊళ్లో జరిగిన గోబర్ గ్యాస్ ప్రారంభోత్సవం గుర్తొస్తుంది.

రెండు ఘనపు మీటర్ల ప్లాంటు. గుమ్మటానికి సున్నం వేశారు, చుట్టూ ముగ్గేశారు, అధికారి గారికి దండేశారు. పేడ మాత్రం ముందురోజే వేశారు. మొదటిసారి నింపాక గ్యాస్ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, లోపలున్న సూక్ష్మజీవులు సార్ టూర్ ప్రోగ్రాం చూసుకుని పని చేయవు కదా. అందుకని ఎవరో పక్కింటి సిలిండర్ తెచ్చి గోడ వెనకాల పెట్టి ట్యూబు కలిపారు. అగ్గిపుల్ల గీశారు. నీలి మంట! చప్పట్లు! ఆ మంట మీద కాచిన టీ తాగి అధికారి గారు "అబ్బ, పేడ వాసనే లేదయ్యా" అన్నారు. ఎందుకుంటుంది సార్. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. పక్కింటావిడ సిలిండర్ కోసం రాత్రిదాకా తిరుగుతూనే ఉంది.

నేనేం గోబర్ గ్యాస్‌కి శత్రువుని కాదు. పొగ రాదు, గిన్నెలకి మసి పట్టదు, గ్యాస్ వచ్చాక మిగిలిన పేడనీళ్లు, అదే స్లర్రీ, పొలానికి మంచి ఎరువు. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో కూరగాయల చెత్తతో రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. సంతోషం. అయితే అక్కడైనా కుళ్లిన టమాటాలు వాటంతటవే నడిచొచ్చి మిషన్లో దూకవు, ఎవరో ఒకరు ఎత్తిపోయాలి.

ఇక ఇంటి ప్లాంటు సంగతి. రెండు ఘనపు మీటర్లంటే రోజుకు 50 కిలోల పేడ, దాదాపు అన్నే నీళ్లు. నాలుగైదు పశువులుండాలి. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాక, దూడతో కలిపి లెక్కేస్తే ఒకటిన్నర గేదె ఉండే ఇళ్లు మావి. సరే, పేడ ఉందనే అనుకుందాం. తెల్లారకముందే లేచి ఎత్తేదెవరు? చేత్తో కలిపి గడ్డిపరకలు ఏరేదెవరు? "ఉచితం" అన్న పెద్దమనిషైతే కాదు.

మా నాయనమ్మ పిడకలు కొట్టింది, కంప మోసింది, ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది ఆఖరి పదేళ్లూ దగ్గుతూనే బతికింది. ఆవిడ వాడిందీ బయోమాసేనయ్యా, నూటికి నూరుపాళ్లు! ఆవిడ చాకిరీ మీకు ఉచితం, ఆవిడ ఊపిరితిత్తులు కూడా ఉచితమే. పేడ ఎత్తే ఆడమనిషికి కూలీ రాయడానికి మీ లెక్కల్లో ఒక్క గడి ఉండదు గానీ, బ్యానర్‌కీ శాలువాకీ బొకేకీ ఎక్కణ్ణుంచొస్తాయి డబ్బులు?

ఆ గుమ్మటం ఇంకా ఉంది. ఎండ బాగా తగులుతుందని దాని మీద పిడకలు ఆరేస్తున్నారు.