పీపాలో కెంపు

(విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు. బాల్కనీలో చిన్న రబ్బరు పీపా మోటారు మీద రాత్రింబగళ్లు దొర్లుతూ ఉంటుంది. లోపల సముద్రపు ఒడ్డున ఏరిన గులకరాళ్లు, నీళ్లు, రాళ్లను అరగదీసే సిలికాన్ కార్బైడ్ పొడి. వరలక్ష్మిగారు సైన్సు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశారు. రామ్మూర్తిగారు ఒక ఆఫీసులో లెక్కలు రాసి విరమించారు. ఆమెకు రాళ్ల మీద ప్రేమ, ఆయనకు కరెంటు మీటరు మీద దృష్టి. భోజనాల వేళ.)

రామ్మూర్తి: ఇంకా ఎన్నాళ్లు వరలక్ష్మీ ఈ గరగర? కింది ఫ్లాటాయన లిఫ్టులో పట్టుకుని, "పిండిమర పెట్టారట, మా శనగలు పంపమంటారా?" అని అడిగాడు.

వరలక్ష్మి: గరుకు పొడి వంతు ఈ రోజుతో సరి. తరువాత సన్నది, ఆపైన మరీ సన్నది, చివర అల్యూమినియం ఆక్సైడుతో మెరుగు. ఒక్కో దానికి వారం. ఎంత లేదన్నా నెల పడుతుంది.

రామ్మూర్తి: నెలా! అదే పని సముద్రం మీటరు లేకుండా చేస్తోంది కదా?

వరలక్ష్మి: నున్నగా చేస్తుంది, మెరుగు పెట్టదు. ఒడ్డున మిలమిలలాడిన రాయి ఇంటికి రాగానే ఎందుకు వెలవెలబోతుంది? దాని ఒంటి నిండా కంటికి ఆనని గీతలుంటాయి. తడి ఉన్నంతసేపు నీళ్లు వాటిని పూడుస్తాయి. ఆరిపోగానే వెలుతురు చెదిరిపోతుంది. ఆ గీతలు పోగొట్టడానికే ఇంత తంటా.

రామ్మూర్తి: తంటా నీకు కాదు, నాకు. స్నానాల గదిలో రాళ్లు, పూజ గదిలో రాళ్లు. ఫ్రిజ్ మీది వేంకటేశ్వరస్వామి బొమ్మకు నిన్న గడ్డం మొలిచింది.

వరలక్ష్మి: బొమ్మ వెనక అయస్కాంతం ఉందని భీమిలి నల్ల ఇసుకలో తిప్పి చూశాను. అంటుకున్నది మాగ్నటైటు, ఇనుప ఖనిజం. కడిగేస్తానులెండి.

రామ్మూర్తి: ముందు ఆవకాయ వడ్డించు. ఈ జాడీ మూత మీది నల్లరాయి ఎక్కడిది?

వరలక్ష్మి: యారాడలో దొరికింది. చార్నకైటు. జాబ్ చార్నక్ అని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఉండేవాడు. కలకత్తాలో ఆయన సమాధికి ఈ రకం రాయే వేశారు. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయికి చార్నక్ పేరే పెట్టాడు.

రామ్మూర్తి: (కలిపిన ముద్ద చేతిలోనే ఆగిపోతుంది) అంటే నేను సమాధి రాయి కింద ఊరిన ఆవకాయ తింటున్నానా?

వరలక్ష్మి: సమాధి రాయి కాదండీ. దానికి జ్ఞాతి.

రామ్మూర్తి: జ్ఞాతి అయితే మైల కూడా ఉంటుంది కదా!

వరలక్ష్మి: ఆయన పోయి మూడు వందల ఏళ్లు దాటింది. పదకొండో రోజు ఎప్పుడో అయిపోయింది, తినండి. అసలు ఖోండలైటు పెడదామనుకున్నాను. ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన రాయి. మన కైలాసగిరి నిండా అదే, కోణార్క ఆలయం కట్టిందీ దానితోనే. కానీ ఎండకూ వానకూ మెత్తబడిన ముక్క చేతికి అంటుతుంది. పీపాలో వేస్తే ఇక చెప్పక్కర్లేదు, పిండే.

రామ్మూర్తి: (గొంతు తగ్గించి) పిండంటే… బొత్తిగా పిండేనా? ఏమీ మిగలదా?

వరలక్ష్మి: గట్టివాటి మధ్య మెత్తది పడితే బతుకుతుందా? అందుకే ఒకే గట్టిదనం ఉన్నవి ఏరి వేస్తాను. ఎందుకు అడుగుతున్నారు?

రామ్మూర్తి: విజ్ఞానం కోసం.

(ముప్ఫై ఐదేళ్ల కాపురంలో ఆయన విజ్ఞానం కోసం ఏదీ అడిగి ఎరగరు. ఆమెకు అక్కడే అనుమానం రావలసింది. మజ్జిగ వంపుతూ ఉండడం వల్ల రాలేదు. భోజనాలయ్యాక ఆమె మోటారు ఆపి, పీపా మూత తీస్తుంది. రామ్మూర్తిగారు అంతకు ముందే తువ్వాలు పరిచి సిద్ధంగా కూర్చున్నారు.)

వరలక్ష్మి: అయ్యో, ఇదేమిటి! బూడిద రంగులో ఉండవలసిన బురద పారాణిలా ఎర్రబడింది!

రామ్మూర్తి: శుభమే. రాళ్లు తియ్యి, త్వరగా తియ్యి.

వరలక్ష్మి: ఇవి పలుగురాళ్లు. ఈ చారలది నైసు అనే రాయి. ఇది సీసా పెంకు, అలలకు అరిగి చిలకపచ్చ రాయిలా నటిస్తోంది. మీరు ఏరుకొచ్చారనే దయతో వేశాను. అంతే.

రామ్మూర్తి: అంతే అంటే? ఇంకొకటి ఉండాలి. అడుగున చూడు.

వరలక్ష్మి: అడుగున బురదే. ఇంకొకటి ఏది?

రామ్మూర్తి: నా కెంపు! నువ్వు గుడికి వెళ్లినప్పుడు వేశాను. నా జాతకంలో సూర్యుడు నీచలో ఉన్నాడు, కెంపు పెట్టుకోవాలన్నారు. దుకాణంలో ధర అడిగి, వాళ్లిచ్చిన మంచినీళ్లు మాత్రం తాగి వచ్చాను. ఆ వారమే సముద్రుడు తనంతట తాను ఇచ్చాడు. తీసి ఎక్కడ దాచావు?

వరలక్ష్మి: నా మీద దొంగతనం అంటగడుతున్నారా? సరే, విచారణ జరగనివ్వండి. 1812లో మోస్ అనే జర్మన్ ఖనిజాల గట్టిదనానికి వరస కట్టాడు. అందులో పలుగురాయికి ఏడు, కెంపుకు తొమ్మిది. సిలికాన్ కార్బైడు ఇంకా గట్టిది కాబట్టి కెంపునూ అరగదీస్తుంది, కాదనను. కానీ ఏడు నిలిచిన చోట తొమ్మిది వారంలో మాయమవుతుందా? లెక్కల మనిషి, మీరే చెప్పండి.

రామ్మూర్తి: అందుకే నీ మీద అనుమానం.

వరలక్ష్మి: చాకుతో గీసి చూశారా?

రామ్మూర్తి: కెంపును ఎవరైనా చాకుతో గీస్తారా? అపచారం.

వరలక్ష్మి: కెంపైతే చాకు ఓడిపోయేది. టైలు వెనక గరుకు వైపు రుద్దారా? గీత ఏ రంగులో పడింది?

రామ్మూర్తి: రుద్దలేదు. జేబులో పెట్టుకుంటే జేబు ఎర్రబడింది. తేజస్సు అనుకున్నాను.

వరలక్ష్మి: చేతికి బరువు తగిలిందా?

రామ్మూర్తి: తేలిగ్గానే ఉంది. ఈ వయసులో అదే మంచిదనుకున్నాను.

వరలక్ష్మి: ఎక్కడ దొరికింది?

రామ్మూర్తి: మంగమారిపేటలో, శిలాతోరణం దగ్గర. నువ్వు గొడుగు నాకిచ్చి రాళ్ల మధ్య వంగి వెతుకుతున్నావు చూడు, అప్పుడు.

వరలక్ష్మి: పక్కన ఏముంది?

రామ్మూర్తి: ఏముంటుంది, సముద్రం. ఇటువైపు ఎవరిదో కూలిన గోడ.

వరలక్ష్మి: గోడ దేనితో కట్టారు?

(రామ్మూర్తిగారు బాల్కనీలోంచి దూరంగా కనిపిస్తున్న ఓడను చూడసాగారు.)

వరలక్ష్మి: దేనితో కట్టారండీ?

రామ్మూర్తి: ఇటుకలతో.

వరలక్ష్మి: విచారణ ముగిసింది.

రామ్మూర్తి: గుండ్రంగా, నున్నగా ఉంటే ఇటుకని ఎవరనుకుంటారు? ఈ తీరం నిండా గార్నెట్లని నువ్వే అన్నావు. అవీ ఎర్రవేగా?

వరలక్ష్మి: అవి ఇసుక రేణువంత ఉంటాయి. ఉంగరంలో పొదిగిస్తే పక్కన భూతద్దం కూడా పొదిగించాలి. పైగా మీ ఇటుక పొడి వల్ల నా పొడి దండగ, ఇంకో వారం గరుకుతోనే తిప్పాలి. ఆగండి, ఆ గిన్నె ఎటు తీసుకెళ్తున్నారు? సింకులో పోయకండి! గొట్టంలో పేరుకుని రాయిలా బిగుసుకుంటుంది.

రామ్మూర్తి: సింకులో కాదు. ఎంతైనా సూర్యుడి కోసం తెచ్చిన వస్తువు. అర్ఘ్యం ఇస్తాను.

వరలక్ష్మి: ఇటుక నీళ్లతో అర్ఘ్యమిస్తే ఆయన నీచలోంచి ఇంకా కిందికి దిగుతాడు. ఆ బకెట్టులో పోయండి, తేరుకున్నాక నీళ్లు వంచి బురద చెత్తలో వేద్దాం.

రామ్మూర్తి: అది కాదు వరలక్ష్మీ, ఇంకొక చిక్కుంది. మీ తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. ఆదివారం కంసాలిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. వేలి కొలత కూడా ఇచ్చేశాను.

వరలక్ష్మి: మా తమ్ముడికా! ఇక మా చుట్టాలందరికీ చేరినట్టే. (ఆలోచించి, జాడీ మూత మీది నల్లరాయి తెచ్చి ఆయన అరచేతిలో పెడుతుంది.) కంసాలికి ఇది ఇవ్వండి. చెక్కు కొట్టి, మెరుగు పెట్టి బిగిస్తాడు.

రామ్మూర్తి: సమాధి రాయి ఉంగరమా! కెంపు సూర్యుడికి, ముత్యం చంద్రుడికి. ఇది ఏ గ్రహానికి?

వరలక్ష్మి: తొమ్మిదింటిలో లేదు, పదో గ్రహానికి. పెళ్లయిన మర్నాడే మా నాన్నగారు గుర్తుపట్టారు, చాకుతో గీయకుండానే.