ర్యాంకు కాదు, రేపు పొద్దున ఏం చదువుతాడో రాయించండి

సంక్రాంతికి అక్కావాళ్ళు మహబూబ్‌నగర్ నుంచి మా ఊరికి వచ్చారు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతున్న మేనల్లుడు కూడా వచ్చాడు, నాలుగు రోజులే సెలవులట. బస్సు దిగుతుంటే చూసి కడుపు తరుక్కుపోయింది, అంత చిక్కిపోయాడు. రాత్రి వాడి బ్యాగులోంచి బట్టలు తీస్తుంటే మడతపెట్టిన చార్టు ముక్క ఒకటి కింద పడింది. జనవరి 1న హాస్టల్లో పిల్లలందరితో రాయించారట. పైన పేరు, కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో "మై గోల్: ఆలిండియా ర్యాంక్ 3,000 లోపు", దాని కింద వాడి సంతకం, ఆ పక్కన అమ్మానాన్నల సంతకాలకు రెండు ఖాళీ గీతలు. సంతకాలు పెట్టించుకుని వెళ్ళి మంచం పైన గోడకు అంటించుకోవాలట.

"మంచిదే కదా తమ్మీ, పట్టుదల వస్తది" అని అక్క పెన్ను కోసం చూస్తోంది. నాకు మాత్రం కోపం ఆగలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆ కాగితం మీద ర్యాంకు ఉంది, సంతకాలకు చోటు ఉంది, రేపు పొద్దున ఆ పిల్లవాడు ఏ పుస్తకం తెరవాలో ఒక్క ముక్క లేదు. ఏం ఇబ్బందిగా ఉందిరా అని మెల్లగా అడిగితే అప్పుడు చెప్పాడు, కెమిస్ట్రీలో మోల్ కాన్సెప్ట్ అనే పాఠం దగ్గరే ఆగిపోయాడట, అడుగుదామంటే సిలబస్ ముందుకు వెళ్ళిపోయిందట, అడిగితే అందరూ నవ్వుతారని భయమట. పిల్లవాడికి కావలసింది ఆ ఒక్క పాఠం అర్థమవడం. చేతిలో పెట్టింది మూడు వేలు అనే ఒక అంకె. పైగా ఇంజనీరింగ్ సీట్ల కోసం వీళ్ళు రాసే జేఈఈ మెయిన్‌లో వచ్చేది మార్కుల శాతం కూడా కాదు, పర్సంటైల్. నీతోపాటు రాసినవాళ్ళలో నూటికి ఎంతమంది నీకంటే వెనక ఉన్నారన్న లెక్క అది. పది లక్షల మందికి పైగా పిల్లలు రాసే పరీక్షలో మిగతావాళ్ళందరూ ఎలా రాస్తారన్నది పదహారేళ్ళ పిల్లవాడు సంతకం పెట్టి ఎలా హామీ ఇస్తాడు?

పెద్దవాళ్ళం మనమూ ఇదే చేస్తున్నాం. నల్లగొండ లైబ్రరీలో పొద్దున తలుపు తీసేసరికి వచ్చి కూర్చుని సర్కారు కొలువులకు చదివే పిల్లలను అడగండి. తెలంగాణలో 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, ఆ అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, అదీ రద్దయింది, చివరికి 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. "2023లో జాబ్ కొట్టాలి" అని డైరీ మొదటి పేజీలో రాసుకున్న పిల్లకు ఏం చెబుతాం, నువ్వు ఓడిపోయావనా? ఆ పిల్ల రోజూ పది గంటలు చదివింది. చదువు ఎక్కడికీ పోలేదు, పోయింది ఆ పేజీలో రాసుకున్న మాట. ఆ మాట మొదటినుంచీ ఆమె చేతిలో లేదు.

మాది గుర్రంపోడు వైపు ఒక పల్లె, మూడెకరాల బత్తాయి తోట. ఈ ఏడు ఇన్ని టన్నులు తీయాలి అన్న మాట మా నాయిన నోట ఒక్కనాడూ వినలేదు. ఆశ లేక కాదు. ధర వ్యాపారి చెప్పిందే, తరుగు అని టన్నుకు ఎన్ని కిలోలు కోస్తే అన్ని కిలోలు, ఢిల్లీలో గిరాకీ పడిపోతే ఇక్కడ కాయ చెట్టు మీదే ఉంటుంది. పిందె నిలవాలా రాలాలా అన్నది ఎండ చూసుకుంటుంది. ఆయన చేతిలో ఉన్నది నీళ్ళు. డిసెంబర్‌లో తోటకు నీళ్ళు బంద్ పెడతాడు, నేలను బట్టి నెలో నెలన్నరో. ఆకులు వాడి ముడుచుకుంటాయి, కొన్ని పండి రాలతాయి, దారిన పోయేవాళ్ళు తోట ఎండబెట్టిండ్రా ఏంది అని అడుగుతారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి నాలుగు చెట్ల దగ్గర ఆకు పట్టుకుని వేళ్ళ మధ్య మడిచి చూస్తాడు, ఎంత వాడిందో తెలియడానికి. చాలనిపించిన రోజు పాదులు చేసి, పెంట వేసి, నీళ్ళు విడుస్తాడు. పూత అప్పుడు వస్తుంది. ఆ పూత కాయై కోతకు రావడానికి మళ్ళీ ఎనిమిది తొమ్మిది నెలలు. ఈసారి కనుమ నాడు నీళ్ళు విడిచాడు, అల్లుడే స్విచ్ వేశాడు.

"పూత ఎప్పుడొస్తది తాతా?" అని వాడు అడిగితే, "నీళ్ళు పెట్టుడు నా పని, పూసుడు చెట్టు పని బిడ్డా" అన్నాడు నాయిన.

నా సంగతి కూడా చెబుతాను. హాలియాలో నాది మోటార్ వైండింగ్ షాపు. ఎరువుల దుకాణంవాళ్ళు ఇచ్చిన డైరీలో వరుసగా మూడేళ్ళు "ఈ ఏడు అప్పు తీర్చాలి" అని రాశాను. 80,000 అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి. మూడేళ్ళు మిత్తే కట్టాను, అసలు కదల్లేదు. నాలుగో ఏడు మా ఆవిడ ఒక మాట అంది, అప్పు సంగతి మరిచిపో, రోజూ బోణీ పైసలు మాత్రం గల్లాలో వేయకు, ఈ డబ్బాలో వేయి అని. బోణీ ఒకరోజు 600, ఒకరోజు 100, మోటార్లు కాలని వానాకాలంలో అదీ ఉండదు. నెలాఖరుకు డబ్బా విప్పి, ముందు మిత్తి, మిగిలింది అసలులో జమ. పదహారు నెలలకు తీరిపోయింది. ఏడాది అని పెట్టుకుని ఉంటే డిసెంబర్ 31న ఇంకా బాకీ ఉన్నానని కుమిలిపోయి వదిలేసేవాడినేమో. నడక కూడా అంతే, "షట్టర్ దించగానే బండి అక్కడే పెట్టి ఇంటికి నడవాలి" అనుకున్నాకే కుదిరింది. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లోనే రాశాడని తర్వాత చదివాను.

ఇంకోటి, ఈ 21 రోజుల గోల. వాట్సాప్ తెరిస్తే చాలు, 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది అని స్టేటస్‌లు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని దాదాపు పన్నెండు వారాలు గమనించి 2009లో ఫలితాలు వెలువరించింది. మధ్యాహ్నం అన్నంతోపాటు పండు తినడం లాంటి చిన్న పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని లెక్కగట్టారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. ఈ చివరి మాట పిల్లలకు ఎవరూ చెప్పరు. మా అల్లుడు ఒకరోజు జ్వరమొచ్చి స్టడీ అవర్ తప్పితే రాత్రంతా ఏడ్చాడట. ఆ మాట విన్నాక అక్క పెన్ను పక్కన పెట్టేసింది.

ఆ సాయంత్రం తోటలో గట్టు మీద కూర్చుని ఇంకో కాగితం రాసుకున్నాం. రోజూ రాత్రి అన్నం తిన్నాక పుస్తకం తెరిచి మోల్ కాన్సెప్ట్‌లో అయిదు లెక్కలు. రానివి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుని శనివారం సార్‌ను అడగడం. రెండే. ర్యాంకు ఊసు లేదు. వాడు కాసేపు చూసి "పిల్లలమర్రికి సీసాలు కట్టినట్టా మామా?" అన్నాడు. వాడు పుట్టి పెరిగింది పాలమూరులోనే (మహబూబ్‌నగర్‌లోనే) కదా, ఆ ఊరి దగ్గరి పిల్లలమర్రి చెట్టుకు సీసాలు కట్టడం చిన్నప్పుడు చూశాడు. 2018లో ఆ వందల ఏళ్ళ మర్రికి చెదలు పట్టినప్పుడు ముందు మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే లోపల నిలవకుండా బయటికి వచ్చేసింది, అప్పుడు సెలైన్ సీసాల్లో మందు నింపి వందలకొద్దీ కొమ్మలకు కట్టారు, చుక్క చుక్కగా దిగింది. "అట్లనే" అన్నాను. వాడు నవ్వడం ఈ సెలవుల్లో అదే మొదటిసారి చూశాను.

పిల్లలను హాస్టళ్ళలో ఉంచిన అక్కలు, అన్నలు, ఈ ఆదివారం వెళ్ళినప్పుడు వాళ్ళ మంచం పైన గోడ మీద ఏముందో ఒకసారి చూడండి. అంకె ఒక్కటే ఉంటే పక్కన కూర్చుని, ఏ పాఠం దగ్గర ఆగావు నాన్నా అని అడగండి. దయచేసి అడగండి.

నిన్న వార్డెన్ ఫోన్ నుంచి అల్లుడు మాట్లాడాడు. ర్యాంకు కాగితం తీసేయనీయరట, దాని కిందనే మన కాగితం అంటించుకున్నాడట. ఆరు రాత్రుల్లో నాలుగు రాత్రులు అయిదేసి లెక్కలు చేశాడు. సార్‌ను ఒక డౌట్ అడిగాడట, ఎవరూ నవ్వలేదట. తర్వాత "తోట పూసిందా మామా?" అన్నాడు. ఇంకా లేదు, తాత రోజూ చూస్తున్నాడు అని చెప్పాను.